బీమా క్లెయిముల వాంగ్మూలాలు: మాట నుంచి రాతకు మారేటప్పుడు జారిపోయే అర్థం

వ్యాససంగ్రహం:

ప్రమాద బీమా, జీవిత బీమా క్లెయిములలో బాధిత కుటుంబాలు, సాక్షులు తెలుగులో మౌఖికంగా చెప్పిన మాటలు రాతలోకి మారేటప్పుడు అర్థం ఏయే చోట్ల మారుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తప్పిన పదాలను లెక్కపెట్టి కచ్చితత్వాన్ని నిర్ణయించే పద్ధతి తెలుగుకు చాలదని, ప్రత్యయాలు, లుప్తకర్తలు, కాలవాచకాలు, నానార్థాలున్న మామూలు మాటలే వాంగ్మూలం బలాన్ని నిర్ణయిస్తున్నాయని ప్రతిపాదిస్తుంది. తాళపత్ర ప్రతుల పరిష్కరణలో తెలుగు పండితులు పాటించిన నియమాలు ఇక్కడ ఎంతవరకు పనికివస్తాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రతిలేఖనం, వాంగ్మూలం, బీమా క్లెయిము, మాండలికం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన ఇంటివాళ్లు చెప్పిన మాట నష్టపరిహారంగా మారేలోపు మూడు రాతలైనా దాటవలసి ఉంటుంది. పోలీసులు రాసుకొనే వాంగ్మూలం మొదటిది. బీమా సంస్థ తరఫున వచ్చిన విచారణాధికారి ఫోనులో రికార్డు చేసి, తర్వాత టైపు చేయించే నివేదిక రెండవది. మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ముందు నమోదయ్యే సాక్ష్యం మూడవది. మూడు చోట్లా మాట్లాడేది ఒకే మనిషి, ఒకే తెలుగులో. రాసే చేతులు మాత్రం వేరు. వాటిలో ఒకటి తరచు ఇంగ్లీషులో రాస్తుంది. ఈ మూడింటి మధ్య తేడా కనిపించినప్పుడు ‘సాక్షి మాట మార్చాడు’ అనడం పరిపాటి. మారింది మాటా, రాతా అని అడిగేవారు అరుదు.

ఈ ప్రశ్న ఇంతవరకు న్యాయవాదుల చేతిలోనో, కంప్యూటర్ నిపుణుల చేతిలోనో ఉండిపోయింది. ఒక మూలం నుంచి పలు ప్రతులు పుట్టి, ప్రతి ప్రతిలోనూ లేఖకుడి వినికిడి, అలవాటు, అభిప్రాయం చేరితే మూలపాఠాన్ని ఎలా గుర్తించాలన్నది తెలుగు శాఖల్లో రెండు తరాలుగా బోధిస్తున్న విషయమే. తాటాకు స్థానంలో ఇక్కడ ధ్వనిముద్రణ ఉంది, అంతే. అందువల్ల ఈ వ్యాసం ప్రతిలేఖన సమస్యను పాఠపరిష్కరణ సమస్యగా చూస్తుంది. ఉదాహరణలుగా ఇచ్చిన వాక్యాలు ఏ దస్త్రం నుంచీ తీసుకొన్నవి కావు. వ్యవహారంలో ఉన్న నిర్మాణాలను చూపడానికి కూర్చినవి.

2. పదాల లెక్క చెప్పని సంగతి

ప్రసంగాన్ని అక్షరాలుగా మార్చే యంత్రవ్యవస్థల నాణ్యతను ‘వర్డ్ ఎర్రర్ రేట్’ అనే కొలతతో చెబుతారు. ఒక పదం బదులు మరొకటి పడినవి, పదాలు తప్పిపోయినవి, లేనివి చేరినవి కూడి, మూలంలోని మొత్తం పదాల సంఖ్యతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది. తెలుగుకు కూడా దీన్నే వాడుతున్నారు. మనుషులు చేసిన ప్రతిలేఖనాన్ని తనిఖీ చేసేవారు కూడా పుటకు ఎన్ని తప్పులన్న లెక్కే చూస్తారు.

ఈ లెక్క ఎక్కడ బెసుకుతుందో ఒక వాక్యంతో చూడవచ్చు. తెలంగాణ పల్లెలో ఒక స్త్రీ ఇలా చెప్పిందనుకొందాం: ‘మా ఆయన ఆ దినం తాగలే, పనికి పోయి వస్తుండె.’ ఎనిమిది పదాలు. ఒక లేఖకుడు దీన్ని ‘మా ఆయన ఆ రోజు తాగలేదు, పనికి వెళ్లి వస్తున్నాడు’ అని రాశాడు. నాలుగు పదాలు మారాయి కాబట్టి దోషం 50 శాతం. మరొకచోట గాలిహోరులో ‘లే’ సరిగా వినబడక, ‘మా ఆయన ఆ దినం తాగె, పనికి పోయి వస్తుండె’ అని పడింది. మారింది ఒక్క పదమే కాబట్టి దోషం 12.5 శాతం. కొలత ప్రకారం రెండవ ప్రతి ఎంతో మేలైనది. వ్యక్తిగత ప్రమాద పాలసీలలో మద్యం మత్తులో జరిగిన ప్రమాదాలను సాధారణంగా మినహాయిస్తారు గనుక, ఆ మేలైన ప్రతితోనే క్లెయిము పోతుంది.

తెలుగులో వ్యతిరేకార్థం విడిపదంగా ఉండదు. క్రియకు అతుక్కొని, వాక్యం చివర, ఊపిరి తగ్గే చోట వస్తుంది. తెలంగాణలో ‘లేదు’ అనేది ‘లే’ అయి ఇంకా చిన్నదవుతుంది. కోస్తా తెలుగుకు అలవాటుపడిన చెవికి అది తెగిపోయిన మాటలా తోచి, ఏదో ఒక నిండు రూపంతో పూరించాలనిపిస్తుంది. యంత్రానికి నేర్పిన తెలుగులో వార్తల భాష, పుస్తకాల భాష ఎంత ఎక్కువైతే దానికీ అదే అలవాటు పడుతుంది. కాబట్టి దోషాల సంఖ్యతో పాటు దోషం ఏ స్థానంలో పడిందన్నది కూడా చూడాలి. నా అభిప్రాయంలో రెండవదే ముందు చూడవలసినది.

3. అట, అంట, అన్నారు

వాంగ్మూలాల్లో అతి తేలికగా రాలిపోయే ప్రత్యయం ‘అట’. కొన్ని ప్రాంతాల్లో ‘అంట’. ‘లారీ ఎడమ పక్క నుంచి వచ్చిందంట’ అన్న సాక్షి తాను చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని ఆ చివరి అక్షరాలతోనే నిజాయితీగా చెబుతున్నాడు. తెలుగు మాట్లాడేవాడు ఈ తేడాను పాటించడానికి ఆలోచించనక్కర లేదు. భాషే పాటింపజేస్తుంది. టైపు చేసిన ప్రతిలో అది ‘లారీ ఎడమ పక్క నుంచి వచ్చింది’ అవుతుంది. ఇంగ్లీషులోకి పోయేటప్పుడైతే ఆ ప్రత్యయానికి సరిపడే చిన్నమాట దొరకక, చాలాసార్లు దాన్ని వదిలేస్తారు.

ఫలితం సాక్షి మీద పడుతుంది. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలని, చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షను నిర్దేశించింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం ఉంది. ‘అంట’ రాలిపోయిన వాంగ్మూలం విన్నవాణ్ణి చూసినవాడిగా నిలబెడుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘నువ్వు ఆ సమయంలో అక్కడ ఉన్నావా?’ అన్న ప్రశ్నకు అతడు ‘లేను’ అంటాడు. అతడు మొదటినుంచీ అదే చెబుతున్నాడు. కాగితం మీద మాత్రం అబద్ధం చెప్పినవాడిగా తేలతాడు. అతడు చెప్పిన మిగతా నిజాలకూ ఆ మచ్చ అంటుకొంటుంది.

మోటారు వాహనాల చట్టం 169వ సెక్షను ట్రిబ్యునళ్లకు సంక్షిప్త విచారణ పద్ధతిని అనుమతించింది. పరిహారం త్వరగా అందాలన్నది దాని ఉద్దేశం. అది మంచిదే. కాని విచారణ ఎంత సంక్షిప్తమైతే, మొదట రాసిన కాగితం బరువు అంత పెరుగుతుందని కూడా గుర్తించాలి.

4. కర్త ఎవరు?

‘స్కూటీ మీద వస్తా ఉంటే అడ్డమొచ్చింది, గుద్దేసింది.’

ఇది పూర్తి తెలుగు వాక్యం. చెప్పేవారికీ, పక్కన ఉన్నవారికీ ఇందులో అస్పష్టత ఏమీ లేదు. రాసేవాడికి మాత్రం మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. స్కూటీ మీద వస్తున్నది ఎవరు? అడ్డం వచ్చింది ఏది? గుద్దింది ఏది? తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, గేదెకూ, లారీకీ ఒకే క్రియారూపం. ‘వచ్చింది’ అన్నది ఆమె కావచ్చు, అది కావచ్చు. పైగా కర్తను చెప్పకుండా వదిలేయడం మన వాక్యానికి సహజం. కాబట్టి స్కూటీ మీది ఆమె ఎదురుగా వచ్చినదాన్ని గుద్దిందా, ఎదురుగా వచ్చినదే ఆమెను గుద్దిందా అన్నది ఈ వాక్యం నుంచి తేలదు. మృతురాలి తప్పు ఎంత అన్న లెక్కకు, అంటే పరిహారంలో ఎంత కోత పడుతుందన్న లెక్కకు ఇదే ఆధారం.

ఇంగ్లీషు వాక్యం కర్త లేనిదే కదలదు. అనువదించేవాడు ఏదో ఒక కర్తను పెట్టి తీరాలి. పెట్టినది తన ఊహ అన్న గుర్తు ఎక్కడా మిగలదు. ఇక్కడ తప్పు అనువాదకుడిది కూడా కాదు. అడగవలసిన ప్రశ్న వాంగ్మూలం తీసుకొనేటప్పుడే అడగలేదు. విచారణాధికారికి వ్యాకరణం నేర్పనవసరం లేదు. ‘-ఇంది’తో ముగిసిన ప్రతి కీలక క్రియ దగ్గరా ‘ఏది?’, ‘ఎవరు?’ అని ఒకసారి అడగడం అలవాటు చేస్తే చాలు.

5. మందు

నానార్థాలున్న పదాలను నిఘంటువులు వరుస సంఖ్యలతో ఇస్తాయి. మాట్లాడేవాడు సంఖ్య చెప్పడు. ‘మందు’ అంటే ఔషధం, మద్యం, పురుగుల మందు. ‘మందు తాగాడు’ అన్నది జ్వరానికి సిరప్పు తాగాడనీ, సారా తాగాడనీ, ప్రాణం తీసుకోవడానికి విషం తాగాడనీ అర్థమివ్వగలదు. ‘మందు కొట్టడం’ మరీ చిక్కు. మిరప, పత్తి పండించే ఊళ్లలో అది చేనుకు పురుగుల మందు పిచికారీ చేయడం. పట్నపు వాడుకలో మద్యం తాగడం. ‘చేలో మందు కొట్టి వస్తా ఉంటే బండి పడింది’ అని రైతు భార్య చెప్పిన వాక్యంలో ‘చేలో’ అన్న ఒక్క మాట వినబడకపోతే, పట్నంలో కూర్చొని హెడ్‌ఫోనులో వింటున్న టైపిస్టుకు మిగిలేది రెండో అర్థమే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. అక్కడ మందు ఏ మందైనా క్లెయిము మీద దాని ప్రభావం లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అలా కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల వరకు ఇచ్చే ఆ పథకం ప్రమాదాలకు మాత్రమే వర్తిస్తుంది, ఆత్మహత్యకు వర్తించదు. కాబట్టి ఏ పదం దగ్గర జాగ్రత్త పడాలో పాలసీ షరతులే చెబుతాయి. ప్రతిలేఖకుడికి ఆ షరతులు తెలియకుండా ధ్వనిముద్రణ ఒక్కటే ఇచ్చి పని చేయించడం, కావ్యం పేరు చెప్పకుండా ఒక్క తాటాకు ఇచ్చి పరిష్కరించమనడం వంటిది.

6. రాత్రి రెండు గంటలు, యాభయ్యొకటి నడుస్తోంది

కాలాన్ని చెప్పే మాటలది ఇంకో రకం చిక్కు. తెలుగువాడి రోజు తెల్లవారడంతో మొదలవుతుంది, క్యాలెండరు రోజు అర్ధరాత్రితో. ‘మే 31 రాత్రి రెండు గంటలప్పుడు జరిగింది’ అని ఎవరైనా అంటే, క్యాలెండరు లెక్కలో అది జూన్ 1. పైన చెప్పిన సురక్షా బీమా ఏటా జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. ఆ యేడు ఖాతా నుంచి ప్రీమియం కట్ కాని కుటుంబానికి ఈ రెండు గంటలు ఎంత విలువైనవో చెప్పనక్కర లేదు. కాగితం మీద తేదీ తర్వాత సరిచేయవలసి వస్తే, అది కూడా మాట మార్చడం కిందే లెక్కకు వస్తుంది. అందువల్ల చెప్పిన మాటను అలాగే ఉంచి, పక్కనే క్యాలెండరు తేదీని అడిగి రాయాలి. ‘మొన్న’ అన్నది నిన్నటికి ముందు రోజూ కావచ్చు, ‘మొన్న సంక్రాంతికి’ అన్నట్టు నెలల కిందటి రోజూ కావచ్చు. ‘తెల్లారి చనిపోయిండు’ అన్న తెలంగాణ వాక్యం మరుసటి రోజని చెబుతుంది. కోస్తావాడు దాన్ని తెల్లవారుజాము అనుకొంటాడు.

వయస్సు విషయం రూపాయలలో చూడవచ్చు. సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు స్థిరపరచిన పట్టిక ప్రకారం మృతుడి వయస్సు 46–50 మధ్య ఉంటే గుణకం 13, 51–55 మధ్య ఉంటే 11. ‘యాభయ్యొకటి నడుస్తోంది’ అంటే నిండినవి యాభై. ‘నడుస్తోంది’ అన్నది వదిలి ‘వయస్సు 51’ అని రాస్తే గుణకం మారుతుంది. నెలకు 12,000 సంపాదించే మనిషి అనుకొంటే ఏడాదికి 1,44,000. ఇద్దరు ముగ్గురు ఆధారపడినవారు ఉంటే సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసివేయగా 96,000. భవిష్యత్తు ఆదాయపు పెంపును పక్కన పెట్టినా 13తో హెచ్చిస్తే 12,48,000, 11తో హెచ్చిస్తే 10,56,000. ఒక క్రియ ఖరీదు 1,92,000 రూపాయలు. పుట్టిన తేదీ పత్రం సరిగా ఉంటే ఈ చిక్కు రాదు. సరైన పత్రం లేనివారికే నోటిమాట ఆధారం, పొరపాటు జరిగేది కూడా వారికే.

బంధుపదాల గురించి ఎక్కువ చెప్పను. అవి చాలామంది చర్చించినవే. ఉత్తరాంధ్రలో ‘అప్ప’ అంటే అక్క, కన్నడ సరిహద్దు ఊళ్లలో నాన్న. పెదనాన్న కొడుకూ ‘తమ్ముడే’ అవుతాడు. ఆధారపడిన వారి జాబితా రాసేటప్పుడు ‘తోడబుట్టినవాడా?’ అన్న ప్రశ్న తప్పనిసరి.

7. ‘ఊఁ’ అన్నది జవాబేనా?

జీవిత బీమా క్లెయిములలో మరణించిన వ్యక్తికి పాలసీకి ముందే జబ్బు ఉందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. 2015 సవరణ తర్వాత బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. ఆ మూడేళ్లలోపు మరణాల్లో మాత్రం దాచారన్న ఆరోపణకు చోటుంది. అక్కడే ఇలాంటి సంభాషణ జరుగుతుంది: ‘ఆయనకు షుగరు ఉండేదా అమ్మా, మందులు వాడేవారా?’ ‘ఊఁ...’

తెలుగు సంభాషణలో ‘ఊఁ’ అన్నది ఒప్పుకోలు కావచ్చు, వింటున్నాను చెప్పమనడం కావచ్చు, ఆలోచన కావచ్చు, ఏడుపు దిగమింగడం కావచ్చు. కథ చెప్పేటప్పుడు పిల్లలు కొట్టే ‘ఊఁ’ కథలోని సంగతిని ధ్రువపరచడం కాదు కదా. టైపిస్టు దాన్ని ‘అవును’ అని రాస్తాడు. యంత్రమైతే శబ్దంగా భావించి తీసివేస్తుంది. రెండూ తప్పే, కాని మొదటిది ప్రమాదకరం. సంభాషణ విశ్లేషణలో గెయిల్ జెఫర్సన్ రూపొందించిన గుర్తుల పద్ధతి మౌనాలను సెకనులో పదో వంతు వరకు కొలిచి చూపుతుంది. క్లెయిము కాగితాలకు అంత సూక్ష్మత అవసరం లేదు. ‘ఊఁ’ని ‘ఊఁ’గానే రాసి, దాని ముందున్న ప్రశ్నను కూడా ఉంచితే చాలు.

ప్రశ్నను ఉంచడమన్నదే అసలు జరగదు. ప్రశ్న–జవాబుల సంభాషణ కాగితం మీద ఏకధాటి కథనమవుతుంది. ‘లారీ స్పీడుగా వచ్చిందా?’ ‘ఆఁ’ అన్న రెండు మాటలు ‘సదరు లారీ డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుతూ రావడం నేను చూచితిని’ అవుతాయి. ఈ వాక్యం ఏ పల్లెలోనూ ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. చట్టం భాష సాక్షి నోట్లోకి దిగిన రూపం. క్లెయిముకు అది అనుకూలంగానే కనిపిస్తుంది, అందుకే ఎవరూ ఆక్షేపించరు. కాని పది కాగితాల్లో అవే మాటలు చదివినవారికి పదకొండో సాక్షి నిజంగా చూసి చెప్పినా నమ్మకం కలగదు.

ప్రతిలేఖనం తటస్థమైన పని కాదని, ఏది రాయాలి ఏది వదలాలి అన్నది ముందే ఒక సిద్ధాంతాన్ని స్వీకరిస్తుందని ఎలినార్ ఓక్స్ 1979లో వాదించారు. పిల్లల భాష మీద పరిశోధనలో అన్న మాట అది. మన స్టేషన్లకూ బీమా కార్యాలయాలకూ అంతకంటె బాగా సరిపోతుంది.

8. పరిష్కరణ పద్ధతి

బ్రౌన్ దొర ఒక కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి పాఠాన్ని సిద్ధం చేయించాడు. ఆ సంప్రదాయం నుంచి మనకు అందిన రెండు నియమాలు ఇక్కడ నేరుగా పనికివస్తాయి. పరిష్కర్త తాను చేర్చిన దాన్ని మూలంలో కలిపివేయకుండా విడిగా చూపాలి. తెలియని పదం ఎదురైతే తెలిసిన పదంతో పూరించక, కఠినమైన పాఠాన్నే ముందు నమ్మాలి.

దీని ప్రకారం వాంగ్మూలానికి రెండు పాఠాలు అవసరం. విన్నది విన్నట్టు ఉంచే శ్రుతపాఠం, దాని పక్కన అందరికీ అర్థమయ్యే వ్యవహారపాఠం. ఇంగ్లీషు అనువాదం శ్రుతపాఠం నుంచి జరగాలి, వ్యవహారపాఠం నుంచి కాదు. ఊహించి చేర్చిన కర్త చదరపు కుండలీకరణాల్లో ఉండాలి. సందేహమున్న చోట ధ్వనిముద్రణలోని నిమిషం, సెకను రాయాలి. యంత్రం ఇచ్చే తొలి ప్రతిని వాడుకోవడానికి అభ్యంతరం లేదు, అది శ్రుతపాఠానికి చిత్తుప్రతిగా ఉన్నంతవరకు.

మాండలికాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తే మాట్లాడినవారిని చదువురానివారిగా చూపినట్టవుతుందన్న అభ్యంతరం ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. కథల్లో తక్కువ కులాల పాత్రలకే యాస రాసి, రచయిత గొంతును శిష్టభాషలో ఉంచిన చరిత్ర మనకుంది. ఇక్కడ ఒక గీత గీయవచ్చు. ‘సూసిన’, ‘చూసిన’ వంటి ఉచ్చారణ భేదాలు అర్థాన్ని మార్చవు, వాటిని సాధారణ వర్ణక్రమంలో రాయడంలో నష్టం లేదు. ‘తాగలే’, ‘వచ్చిందంట’, ‘తెల్లారి’, ‘నడుస్తోంది’ వంటి పదరూప భేదాలను, ప్రాంతీయ పదాలను ముట్టుకోరాదు. ఈ గీత అన్ని చోట్లా స్పష్టంగా ఉండదని తెలుసు. సందేహం వస్తే ఉంచడమే మేలు.

ఆధార గ్రంథాలు మనకు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. పంట, పనిముట్టు, పశువుల నష్టాల వాంగ్మూలాలకు అది ఇప్పటికీ ఉపయోగపడుతుంది. తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూపిన ఆయన విభజన ప్రకారం ప్రతిలేఖకులను ఆయా ప్రాంతాల నుంచి ఎంపిక చేసుకొంటే, పై సమస్యల్లో సగం తనిఖీదాకా రావు. తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు ఇది నిజమైన ఉపాధి కూడా. క్షేత్రపర్యటనల్లో జానపద గేయాలు రికార్డు చేసి, వ్యాసానికి అనుబంధంగా ఇచ్చేటప్పుడు భాషను ‘దిద్దే’ అలవాటును మాత్రం వాళ్లు ముందు మానవలసి ఉంటుంది. ఆ అలవాటును నేర్పుతున్నది మనమే.

ఇక చదివి వినిపించడం. పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలంపై సాక్షి చేత సంతకం చేయించరాదని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షను చెప్పింది. ఆ నిబంధన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. సాక్షికి రక్షణగా పెట్టిన ఆ ఏర్పాటు వల్ల, రాసినదాన్ని అతడి చేత సరిచూపించే సందర్భం కూడా తప్పిపోయింది. బీమా విచారణాధికారికి అటువంటి నిషేధం లేదు. ఆయన చదివి వినిపించి సంతకం తీసుకోగలడు. కాని వినిపించేది వ్యవహారపాఠమైతే, ‘సదరు’, ‘చూచితిని’ల మధ్య తన మాట ఎక్కడుందో ఆ మనిషికి తెలియదు. ముందు ధ్వనిముద్రణలోని ఆ భాగాన్ని వినిపించి, తర్వాత దాని రాతను చదివి, ‘మీరన్నది ఇదేనా? ఇందులో ఏది మీ మాట కాదు?’ అని రెండు ప్రశ్నలు వేయాలి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును కూడా రాయాలి.